స్థిరభారం

బ్యూరెట్ పట్టుకోవడం రాకముందే
నాకు రంగు దిగడం తెలుసు.
బరంపురం దేవాంగుల వీధిలో, వెనక వసారాలో,
నాన డేగిసాలో పట్టు చిలప ముంచి
పైకెత్తి, నీళ్లు కారనిచ్చి, ఎండకేసి చూసి
"ఇంకా పచ్చిగున్నాదే గుంటా" అనేవాడు.
ఎన్ని నిమిషాలు నానా అంటే
ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదు ఆయనకి.

ఇక్కడ అన్నిటికీ నిమిషాలున్నాయి.
భంజ విహార్, ఇనార్గానిక్ ల్యాబ్, మూడో బల్ల.
మెట్లెక్కకముందే కిప్ పరికరం
కుళ్లిన గుడ్డు వాసనతో హాజరు పిలుస్తుంది.
మాన్యువల్ ఇంగ్లీషు, మేడమ్ ఒడియా,
నా లెక్క మాత్రం ఇప్పటికీ తెలుగు,
వేళ్ల గణుపుల మీద, పెదవి కదలకుండా.
నా జోడీ ప్రిస్కిల్లా గొమాంగో,
గుణుపురం అవతలి కొండ మీది సవర పిల్ల.
తన లెక్క ఏ భాషో నేనడగలేదు.
గరాటు అందించడానికి మాటెందుకు?

మొదటి నెలంతా ఉప్పు పొట్లాలు.
తెల్లటి పొడి. పేరుండదు, నంబరే.
మంటలో పెట్టగానే స్ట్రాన్షియం ఎర్రగా ఒప్పేసుకునేది,
బేరియం లేత అరటాకు పచ్చగా గొణిగేది.
ఒకటి మాత్రం ఏ మంటకీ నోరు విప్పలేదు.
వారం తిప్పలు పెట్టి, చివరికి, పటిక!
నవ్వొచ్చింది.
పట్టుకి రంగు పట్టించేది అదే,
తాత గడ్డం గీసుకుని చెంపకి రాసుకున్నదీ అదే.
ఇరవయ్యేళ్లు ఒకే కప్పు కింద ఉండి
నేను దాన్ని పేరు పెట్టి పిలవలేదు.

"అబొఖ్యేపొ" అంది పాఢీ మేడమ్.
"అవక్షేపం" అని రాసుకున్నాను.
ఒకే మాట.
ఒక ఊళ్లో నోరు గుండ్రంగా చుట్టుకుంది,
ఇంకో ఊళ్లో చివర సున్నా పెట్టుకుంది.

తర్వాత నికెల్.
లేతాకుపచ్చ ద్రావణం, వేడి, డి.ఎమ్.జి.,
ఆపైన అమ్మోనియా, చుక్క, చుక్క.
నాలుగో చుక్కకి
బీకరులో కుంభం అంచు విచ్చుకుంది,
నాన కలిపే ఎరుపే, పిసరు తేడా లేదు.
ప్రిస్కిల్లా తన భాషలో అరిచింది.

అందం అక్కడితో సరి. మిగిలింది తూకం.
కడుగు. కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ వెయ్యి,
తెల్లబడితే ఇంకా కడుగు.
ఆరబెట్టు, చల్లార్చు, తూచు.
మళ్లీ ఆరబెట్టు, చల్లార్చు, తూచు,
రెండు తూకాలు నాలుగో దశాంశం దాకా
మాట మార్చని సాక్షులయ్యేవరకూ.
మూడోసారి కరెంటు పోయింది.
అటెండర్ పురందర్ మావుసా కిటికీ మూస్తూ
"గాలికీ బరువుంటుంది కదా మా" అన్నాడు.
మాన్యువల్‌లో ఆ వాక్యం లేదు.

పక్క బల్లకి జవాబు ముందే తెలుసు,
పోయినేటి రికార్డులోంచి.
చీటీ మా దాకా వచ్చింది:
మా అంకె కంటే రెండు మిల్లీగ్రాములు ఎక్కువ.
ఒక దోమ బరువు.
పెన్సిలు ఆగింది.
ఒకసారి పెళ్లి చీరలకి ఎరుపు ఒక నీడ తగ్గిందని
నాన షావుకారుకి తనే చెప్పాడు.
షావుకారు దీపం పెట్టి చూసినా పోల్చుకోలేకపోయాడు,
అయినా ధర మాత్రం తగ్గించాడు.
ఆ నెల మేం గంజి తాగాం.
ప్రిస్కిల్లా చీటీ తీసుకుని
దాంతో బర్నర్ వెలిగించింది.

మేడమ్ మా అంకె చుట్టూ సున్నా చుట్టి
"మిగతాది ఎక్కడ?" అంది.
గాజుకడ్డీకి అంటుకుంది కొంత,
మొదటి కడుగులో నేను తొందరపడ్డాను, ఇంకొంత
తెలీదు మేడమ్.
పదికి ఆరు.

ఇంటికొచ్చాక నాన
నా చెయ్యి బల్బు కిందకి లాగాడు.
చూపుడువేలి గోరు సందున సన్నటి ఎరుపు.
"ఇదే రంగే?"
నికెల్, నానా.
"పట్టు మీద నిలుస్తాదా?"
తెలీదు.
రేపు ఒక పోగు ఇస్తావా?